చీమకుర్తి రాయిపై 11 ఏళ్ల వంట

ఒంగోలులో ఇల్లు కట్టుకున్నప్పుడు వంటగట్టుకు వేరే రాయి ఆలోచనే రాలేదు. నల్లటి ఒంటి మీద బంగారు చుక్కలు చల్లినట్టుండే గెలాక్సీ రాయికి పుట్టిల్లు చీమకుర్తి, మాకు గంట ప్రయాణం కూడా లేదు. పక్క ఊరి రాయి కదా, చవకగా మేలు రకం దొరుకుతుందనుకున్నాం. మేలు రకం దిమ్మెలకు ఓడెక్కే యోగం ఉంటుందని కొట్టుకు వెళ్లాకే తెలిసింది. మా డబ్బుకు వచ్చిన పలకలో చుక్కలు ఒక వైపు ఒత్తుగా, మరో వైపు పలచగా ఉన్నాయి. చేతిలో పెట్టిన జానెడు ముక్క చూసి ఒప్పుకోవడం మా తప్పు. పలక మొత్తాన్ని ఎండలో నిలబెట్టించి చూడాల్సింది.

రాయి గట్టితనానికి మాత్రం వంక పెట్టను. కాగిన బాణలి దించాను, పప్పుగుత్తి జారవిడిచాను, చాకుతో నేరుగా దాని మీదే కూరలు తరిగాను. మొండిబారింది చాకే. ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. అంగట్లో గ్రానైట్ అని అమ్మినా, భూగర్భ శాస్త్రం లెక్కలో ఇది గాబ్రో జాతి రాయి. వంటింట్లో ఈ పేర్లతో పని లేదు గానీ, ఇది సున్నపురాయి కాదన్న సంగతితో చాలా పని ఉంది. చింతపండు పులుసు ఒలికి రాత్రంతా నిలిచినా మెరుపు తగ్గలేదు. దేవుడి గట్టుకు ముచ్చటపడి వేయించిన తెల్ల పాలరాయి అలా కాదు, అది సున్నపురాయి జాతే. ఒకసారి పులిహోరకు కోసిన నిమ్మచెక్కలు దాని మీద బోర్లించి మరిచిపోతే, గుండ్రటి మసక మచ్చలు పడ్డాయి. అవి మరకలైతే తోమి వదిలించేదాన్ని. పులుపు రాతినే తినేసింది, మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప పోవు.

నలుపు మురికిని దాస్తుందని చెప్పేవారు ఎన్నడూ గట్టు తుడిచి ఉండరని నా అనుమానం. మా బోరు నీళ్లు ఉప్పన. చుక్క ఎండిందంటే తెల్లటి ఉంగరం. గోధుమపిండి, దోసెపిండి, వేలిముద్రలు, అన్నీ సాక్ష్యం చెబుతాయి. తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. రోజుకు ఎన్నిసార్లో లెక్కపెట్టడం మానేశాను.

పనివాళ్ల తప్పులు రాయి మీదకు తోయకూడదు. సింకు ముందు రెండు అంగుళాల పట్టీ వదిలి, కింద ఆనుడు పెట్టకుండా కోశారు. నాలుగో ఏడు బియ్యం డబ్బా దించగానే అక్కడే చీలింది. అంచును గుండ్రంగా తీయించకుండా పదునుగా వదిలేశాం. మా అత్తగారు దానికేసి కొబ్బరికాయ కొట్టేవారు, రెండు చోట్ల పెచ్చు లేచింది.

మేడ మీద వాటా కట్టేనాటికి కాస్త తెలివి వచ్చింది. ఒక కొట్టులో చుక్కలు లేని నికార్సైన నలుపు చూపించారు. గోళ్లరంగు తుడిచే ద్రవం దూదికి అద్ది ఒక మూల రుద్దితే దూది నల్లబడింది. రంగు పూసిన రాయి! దుకాణదారు ముఖం చూడకుండా బయటికి నడిచాం. మరో చోట పలకను నీళ్లతో తడిపించి ఆరేదాకా కూర్చున్నాం. అంతా ఆరాక ఒక సన్నటి గీత మాత్రం తడిగా మిగిలితే అది పగులే. అలా రెండు పలకలు పక్కన పెట్టించి, మూడోది తెచ్చుకున్నాం. అది స్టీల్ గ్రే, అదీ మా వైపు రాయే. బూడిదరంగు నేత చీరలా ఉంటుంది, చూడగానే ఆహా అనిపించదు. కానీ నీటి చారలు అందులో కలిసిపోతాయి, అద్దెకున్న అమ్మాయి పొడిగుడ్డ అన్న మాటే ఎత్తదు. ఇప్పుడు కొనమంటే కింద కూడా అదే వేయిస్తాను.

పెరట్లో చేపలు తోముకోవడానికి వేయించిన కడప పలక గురించి ఒక్క మాట. అదీ సున్నపురాయే, పులుపు తగిలిన చోటల్లా తెల్లబారింది. పండగలకు కాస్త నూనె రాస్తే మళ్లీ నల్లబడుతుంది. అన్నిటికంటే చవక కాబట్టి ఎవరికీ దాని మీద బెంగ లేదు. కొబ్బరికాయలు ఇప్పుడు దానికేసే కొడుతున్నాం.