జెర్క్‌బైట్ వేటకు ముందు లైన్, తరువాత రాడ్, చివర రీల్

వాయవ్య ఆర్కాన్సాలో రోజర్స్, బెంటన్‌విల్ పట్టణాలకు చేరువలో ఉన్న బీవర్ లేక్‌లో చలికాలం చివరి వారాల్లో బాస్ చేపను పట్టాలనుకునేవారికి జెర్క్‌బైట్‌ను మించిన కృత్రిమ ఎర లేదని నా దృఢమైన అభిప్రాయం. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం, దాని చుట్టూ పెరిగిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వల్ల ఈ ప్రాంతంలో స్థిరపడిన తెలుగువారు చాలామంది ఉన్నారు. వారిలో కొందరు సెలవు రోజుల్లో రాడ్ పట్టుకుని ఈ సరస్సు ఒడ్డున కనిపిస్తూనే ఉంటారు. కొత్తగా మొదలుపెట్టేవారు సాధారణంగా దుకాణంలో మెరిసే రీల్ (లైన్ చుట్టుకునే సాధనం) దగ్గర ముందు ఆగుతారు, ఆ తరువాత దానికి సరిపడే రాడ్ చూస్తారు, చివరికి చేతిలో మిగిలిన డబ్బుతో ఏదో ఒక లైన్, అంటే గాలపు దారం, తీసుకుంటారు. మిగతా ఎరలకు ఆ వరుస చెల్లుతుందేమో గాని, జెర్క్‌బైట్‌కు చెల్లదు. ఇక్కడ లైన్ మీద తీసుకునే నిర్ణయం మిగిలిన రెండింటినీ శాసిస్తుంది కాబట్టి ఈ సమీక్షను కూడా ఆ క్రమంలోనే రాస్తున్నాను.

ముందుగా ఎర స్వభావం తెలియాలి. జెర్క్‌బైట్ సన్నని, పొడవైన ప్లాస్టిక్ చేప. మూతి దగ్గర చిన్న పారదర్శకమైన రేకు, పొట్ట కింద రెండో మూడో ట్రెబుల్ హుక్‌లు (మూడు మొనల గాలాలు) ఉంటాయి. బాగా పేరున్న మెగాబాస్ విజన్ 110 పొడవు 110 మిల్లీమీటర్లు, బరువు సుమారు 14 గ్రాములు. లక్కీ క్రాఫ్ట్ పాయింటర్, రాపాలా ఎక్స్-రాప్, స్మిత్‌విక్ రోగ్ కూడా ఈ కోవలోనివే. వదులుగా ఉన్న లైన్‌ను రాడ్ కొనతో చటుక్కున కుదిపితే ఎర ఒక పక్కకు జారుతుంది, మళ్లీ కుదిపితే రెండో పక్కకు జారుతుంది, ఆపితే పైకి తేలకుండా కిందికి మునగకుండా ఉన్న లోతులోనే నిలబడిపోతుంది. ఈ సరస్సులో బాస్‌కు ముఖ్యమైన ఆహారమైన థ్రెడ్‌ఫిన్ షాడ్ అనే చిన్న చేపలు చలికి ఓర్వలేవు; నీటి ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్‌కు, అంతకంటే కిందికి దిగేసరికి అవి నీరసించి, కాస్త కొట్టుకుని ఆగుతూ, మళ్లీ కొట్టుకుంటూ చనిపోతాయి. జెర్క్‌బైట్ అనుకరించేది సరిగ్గా ఆ కదలికనే. చల్లని నీటిలో బాస్ ఎరను అందుకునేది ఎక్కువసార్లు ఎర కదులుతున్నప్పుడు కాదు, నిశ్చలంగా ఆగి ఉన్నప్పుడు. కనుక ఎర ఆగి ఉన్న ఆ కొద్ది క్షణాలను చెడగొట్టని పరికరమే మంచి పరికరం. నేను ప్రతి వస్తువును ఈ కొలతతోనే చూశాను.

ఇప్పుడు లైన్ సంగతి. మార్కెట్‌లో దొరికే మూడు రకాలకూ నీటిలో మూడు వేర్వేరు నడవడికలు ఉన్నాయి. అల్లిక లైన్ (సన్నని పోగులను జడలా అల్లినది) పాలిథిలిన్‌తో తయారవుతుంది, దాని సాంద్రత నీటి కంటే కొద్దిగా తక్కువ కాబట్టి అది తేలుతుంది. నైలాన్ మోనోఫిలమెంట్ (ఒంటిపోగు లైన్) సాంద్రత, నీటిది 1 అనుకుంటే, సుమారు 1.14, అంటే చాలా నెమ్మదిగా మునుగుతుంది. ఫ్లోరోకార్బన్ సాంద్రత సుమారు 1.78, కాబట్టి అది నిశ్చయంగా మునుగుతుంది. విసిరిన తరువాత ఎరకూ రాడ్‌కూ మధ్య ఎంతో పొడవైన లైన్ నీటిలో ఉంటుందని గుర్తుంచుకుంటే ఈ తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది. తేలే లైన్ ఎర మూతిని పైకి లాగి అది తన లోతుకు చేరకుండా చేస్తుంది. మునిగే లైన్ ఎరతో పాటు దిగి అది తన పని తాను చేసుకోనిస్తుంది. పైగా బీవర్ లేక్‌లో ఆనకట్ట వైపు నీరు తేటగా ఉంటుంది. కాంతిని వంచే తీరును చెప్పే వక్రీభవన గుణకం నీటికి దగ్గరగా ఉన్నకొద్దీ వస్తువు నీటిలో తక్కువగా కనిపిస్తుంది: నీటిది 1.33, ఫ్లోరోకార్బన్‌ది సుమారు 1.42, నైలాన్‌ది 1.5 దాటుతుంది, అందువల్ల తేట నీటిలో ఫ్లోరోకార్బన్ చేప కంటికి తక్కువగా ఆనుతుంది.

రకం ఒక్కటే చాలదు, మందం కూడా చూడాలి. సన్నని లైన్ నీటి ఒరిపిడిని తక్కువగా ఎదుర్కొంటుంది కాబట్టి ఒకే ఎర 12 పౌండ్ల లైన్ (అంత బరువుకు తెగే లైన్) మీద కంటే 8 పౌండ్ల లైన్ మీద లోతుగా దిగుతుంది. ఫ్లోరోకార్బన్ మునుగుతుంది కదా అని లోతు కోసం ఇంకా బరువైనది ఎంచుకుంటే మాత్రం ఫలితం వేరుగా ఉంటుంది. 15 పౌండ్ల లైన్ ఎర ఆగి ఉన్నంతసేపూ దాని మూతిని కిందికి వంచి మెల్లగా ముంచుతుంది, మనం నిలబడాలని కోరుకున్న ఎర నిలబడదు. బాగా ఆలోచించి నేను స్థిరపడింది 10 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దగ్గర, అంటే సుమారు 0.26 మిల్లీమీటర్ల మందం దగ్గర. రాతి గుట్టల పక్కన వేటాడేటప్పుడు రాపిడికి అది ఓర్చుకుంటుంది, ఎర సమతూకాన్నీ చెడగొట్టదు. నీరు ఇంకా తేటగా ఉండి, చేపలు ఇంకొంచెం లోతుగా నిలిచిన రోజుల్లో 8 పౌండ్లకు దిగవచ్చు, కాని ఆ సన్నదనంతో గట్టిగా విసరడం కొత్తవారికి అంత మంచిది కాదు.

ఫ్లోరోకార్బన్‌ను చేపల వేటకు లైన్‌గా 1971లో జపాన్‌కు చెందిన కురేహా సంస్థ తెచ్చింది. దాని సీగార్ పేరుతో వచ్చే లైన్లలో ఇన్విజ్‌ఎక్స్ మెత్తనిది, తత్సు రెండు రకాల రెజిన్లను కలిపి చేసినది. తత్సు ముడి బలం నాకు ఎంతో నచ్చినా, చలికాలానికి నేను సిఫారసు చేసేది ఇన్విజ్‌ఎక్స్‌నే. చలిలో గట్టి ఫ్లోరోకార్బన్ స్పూల్ (రీల్‌లో లైన్ చుట్టుకునే కండె) మీద చుట్టలుగా బిగుసుకుపోయి, వదులుగా వదిలినప్పుడు స్ప్రింగులా మెలికలు తిరుగుతుంది; మెత్తని లైన్‌లో ఆ బాధ తక్కువ, ధర కూడా తక్కువ. స్పూల్ మొత్తం ఫ్లోరోకార్బన్‌తో నింపనక్కరలేదు. అడుగు సగానికి చవకైన నైలాన్ చుట్టి, పై సగానికి మాత్రమే ఫ్లోరోకార్బన్ ముడివేస్తే ఒక చుట్ట రెండుసార్లకు వస్తుంది, అరిగినప్పుడు మార్చడానికి మనసు వెనుకాడదు. ముడి బిగించే ముందు తప్పక తడపాలి, ఎందుకంటే పొడి రాపిడి వేడికి ఈ లైన్ బలహీనపడుతుంది. ఎర మూతికి ఉన్న రింగుకు గాని చిన్న స్నాప్‌కు (తెరిచి మూసే తీగ కొక్కేనికి) గాని కట్టాలి. ముడి నేరుగా మూతి మీద బిగిస్తే ఎర ఆ జారుడు పూర్తిగా చేయదు.

లైన్ ఏదో నిర్ణయమయ్యాక రాడ్ ఎంపిక సులభమవుతుంది. జెర్క్‌బైట్‌ను ఆడించేటప్పుడు రాడ్ కొన కిందికి, నీటి వైపు చూస్తూ ఉంటుంది. పొడవు ఎక్కువైతే ప్రతి కుదుపుకూ కొన నీటిని తాకుతుంది, మణికట్టు పక్కకు తిప్పుకోవలసి వస్తుంది, సాయంత్రానికి భుజం నొప్పి పెడుతుంది. అందుకే 6 అడుగుల 8 అంగుళాలు మొదలుకొని 6 అడుగుల 11 అంగుళాల దాకా సరైన కొలత అంటాను. పడవ ముందు డెక్ మీద ఎత్తుగా నిలబడేవారికి 7 అడుగులు కూడా నడుస్తుంది. ఒడ్డున నీటికి చేరువగా నిలబడేవారు, పొట్టిగా ఉండేవారు తక్కువ వైపే ఉండడం మేలు. పిడి కూడా పొట్టిగా ఉండాలి, లేకపోతే కుదిపిన ప్రతిసారీ దాని చివర ముంజేతికో నడుముకో తగులుతుంది. దుకాణాల్లో ఈ ఒక్క విషయాన్ని ఎవరూ చెప్పకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

రాడ్ బలం మీడియం, వంపు మోడరేట్-ఫాస్ట్ (కొన ఒక్కటే కాక దాని కింద కొంత భాగం కూడా వంగేది) ఉండాలి. మరీ బిరుసైన ఎక్స్‌ట్రా-ఫాస్ట్ రాడ్ ఎరను జారనివ్వకుండా ముందుకు ఈడుస్తుంది. అంతకంటే ముఖ్యంగా, చిన్న ట్రెబుల్ హుక్‌లు చేప పెదవికి పైపైనే పట్టుకుంటాయి, పడవ దగ్గర చేప తల విదిలిస్తే బిరుసు రాడ్ ఆ పట్టును చించేస్తుంది. దీనికి వ్యతిరేకంగా, క్రాంక్‌బైట్ల (ఆపకుండా లాగే పొట్టి, లావు ఎరల) కోసం చేసే ఫైబర్‌గ్లాస్ రాడ్ మరీ మెత్తన, మనం ఇచ్చిన కుదుపు కొనకు చేరేసరికి నీరసించిపోతుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న గ్రాఫైట్ రాడ్ కావాలి. మెగాబాస్ తన ఒరోచీ ఎక్స్ఎక్స్ శ్రేణిలో విజన్ 110 కోసమే 6 అడుగుల 11 అంగుళాల వన్‌టెన్ స్పెషల్ చేసింది. దాని సమతూకం ముచ్చటగా ఉంటుంది, కానీ మొదటి రాడ్‌గా అంత డబ్బు పెట్టమని నేను ఎవరికీ చెప్పను. 7 నుంచి 18 గ్రాముల ఎరలకు పనికివచ్చే మధ్యస్థ ధర రాడ్ ఏదైనా, రీల్ బిగించి, కొన కిందికి వంచి ఓ పది కుదుపులు కుదిపి చూడండి. కుదుపు ఆపిన వెంటనే కొన కూడా ఆగితే అది మంచి రాడ్. ఇంకా ఊగుతూ ఉంటే మరొకటి చూడండి.

రీల్ విషయానికి వస్తే, ఈ వేటలో అది చేసే పని ఎరను లాగడం కాదు, రాడ్ కుదుపు తరువాత మిగిలిన వదులును చుట్టుకోవడం మాత్రమే. షిమానో క్యూరాడో కె 200లో 6.2 నిష్పత్తి (పిడి ఒక చుట్టుకు స్పూల్ 6.2 చుట్లు తిరిగే) రీల్ పిడి ఒక్క చుట్టుకు 66 సెంటీమీటర్ల లైన్ చుడుతుంది, 7.4 నిష్పత్తిది 79, 8.5 నిష్పత్తిది 91. వేగం మితిమీరితే చేయి తెలియకుండానే వదులు అంతా తీసేసి ఆగి ఉన్న ఎరను ముందుకు లాగుతుంది. మరీ నెమ్మదైతే చేప మన వైపే దూసుకువచ్చినప్పుడు లైన్ బిగువు నిలపలేం. అందువల్ల 6.3 నుంచి 7.4 మధ్య నిష్పత్తి కావాలి. డైవా టటులా ఎస్‌వి టిడబ్ల్యూ 103లో 7.1 నిష్పత్తి రీల్ నాకు అన్నింటికంటే నచ్చింది. దాని స్పూల్ తేలిక, బ్రేక్ విసురు మొదట్లో గట్టిగా పట్టి తరువాత వదులుతుంది, లైన్ వెళ్లే దారి వెడల్పుగా ఉంటుంది. గాలికి అడ్డంగా తిరిగిపోయే జెర్క్‌బైట్‌ను ఎదురుగాలిలోకి విసిరేటప్పుడు లైన్ చిక్కుపడకుండా కాపాడేవి ఈ గుణాలే. దీనికి పైన పెట్టే డబ్బు ఈ ఎరకు సంబంధించినంతవరకు నాకు ప్రయోజనంగా తోచదు. డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైన్‌ను కొద్దికొద్దిగా వదిలే బిగింపు) మాత్రం మామూలు కంటే కొంచెం వదులుగా పెట్టుకోండి.

కోస్తా కాలువల్లో, తెలంగాణ చెరువుల్లో కొరమీను వేటాడి వచ్చినవారికి బిరుసు రాడ్, మందపాటి అల్లిక లైన్, కప్ప ఎర అలవాటై ఉంటాయి. నాచులోంచి చేపను బలంగా బయటకు లాగవలసిన ఆ వేటకు అవి తగినవే, కాని ఆ సామానుతోనే ఇక్కడ మొదలుపెడితే జెర్క్‌బైట్ పనికిరాని ఎర అన్న తప్పుడు నిర్ణయానికి వస్తారు. ఇప్పటిదాకా చెప్పిన, విసిరేటప్పుడు స్పూల్ తిరిగే బెయిట్‌కాస్టింగ్ రీల్ అంటే జంకేవారికి స్పూల్ తిరగని స్పిన్నింగ్ మార్గం ఉంది: 7 అడుగుల మీడియం-లైట్ రాడ్, 2500 పరిమాణపు రీల్, 10 పౌండ్ల అల్లిక లైన్, దాని ముందు 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (ఎర వైపు ముడివేసే ముక్క). లీడర్ పొడవుగా ఉంచితే తేలే గుణం ఎర దాకా చేరదు, సన్నని అల్లిక లైన్ వల్ల విసురు కూడా దూరం పోతుంది. అయితే అల్లిక లైన్ నీటిని పీల్చుకుని, గడ్డకట్టే చలి ఉదయాల్లో రాడ్ రింగుల్లో మంచుగడ్డలు కట్టిస్తుంది. అలాంటి రోజున ఎండ కాస్త ఎక్కాక బయలుదేరండి.

ఏ మార్గం ఎంచుకున్నా, కొత్త ఎరను కట్టగానే పడవ పక్కనో ఒడ్డు పక్కనో నీటిలో వదిలి చూడాలి. చల్లని నీరు సాంద్రమైనది కాబట్టి వేసవిలో నిలబడిన ఎర ఫిబ్రవరిలో మెల్లగా పైకి తేలవచ్చు. పొట్ట మీద అతికించే చిన్న సీసపు చుక్కలతో దాన్ని సరిచేయవచ్చు, లేదా ముందు హుక్‌ను ఒక పరిమాణం పెంచవచ్చు. ఈ పరీక్షను మీరు విసరబోయే లైన్‌తోనే చేయండి, ఎందుకంటే లైన్ మారితే ఎర తూకమూ మారుతుంది.