గుండె ఆపరేషన్ తర్వాత ఆసరా: బెలూన్ పంపా, ఎక్మోనా?

ఆపరేషన్ సవ్యంగానే అయింది. హార్ట్-లంగ్ మెషీన్ ఆపబోతే గుండె మొరాయించింది, మందులు పెంచినా బీపీ నిలవడం లేదు. అప్పుడు కర్నూలు లాంటి ఊళ్లో మా ఓటు ముందు బెలూన్ పంపుకే (ఐఏబీపీ), రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ కలిపి తిరిగి ఒంట్లోకి నెట్టే ఎక్మో యంత్రానికి కాదు. ఒక షరతు మీద.

తొడ ధమని గుండా బృహద్ధమనిలోకి 7, 8 ఫ్రెంచ్ సైజు (ఫ్రెంచ్ అంటే గొట్టం లావు కొలత) గొట్టం ఎక్కిస్తారు. చివరనున్న బెలూన్ పెద్దవాళ్లకు మామూలుగా 40 మి.లీ.ది, పొట్టివాళ్లకు ఇంకా చిన్నది. నింపేది హీలియం, తేలిక కాబట్టి చిటికెలో వెళ్లి వస్తుంది. గుండె సడలినప్పుడు బెలూన్ ఉబ్బి కరోనరీల్లోకి (గుండెకే రక్తం అందించే ధమనులు) రక్తం నెడుతుంది, గుండె ముడుచుకునే ముందు చప్పబడి గుండె మీది బరువు తగ్గిస్తుంది. అయితే అదనంగా వచ్చేది నిమిషానికి అర లీటరు, మహా అయితే లీటరు. అందుకే గుండెలో కొంత సత్తువ మిగిలి ఉండాలి.

బెలూన్ కొన ఎడమ చేతి ధమని మొదలుకు 2 సెం.మీ. దిగువన ఉండాలి. పైకి జరిగితే ఎడమ మణికట్టు నాడి తగ్గుతుంది, కిందికి జారితే మూత్రం రావడం తగ్గుతుంది. హీలియం గొట్టంలో గోధుమరంగు పొడి కనిపించిందా, బెలూన్ చిరిగినట్టే: పంపు ఆపి వెంటనే తీయించండి. ఆగిన బెలూన్ అరగంటకు మించి లోపల ఉంటే గడ్డ కడుతుంది. అయోర్టిక్ వాల్వ్ బాగా లీకయ్యేవాళ్లకు, బృహద్ధమని పొర చీలినవాళ్లకు ఇది పనికిరాదు.

2012 నాటి 600 మంది అధ్యయనంలో బెలూన్ ప్రాణాలు కాపాడలేదని కొందరు కొట్టిపారేస్తారు. అది గుండెపోటుతో షాక్‌లోకి వెళ్లినవాళ్ల లెక్క, ఆపరేషన్ బల్ల మీది గుండెది కాదు.

ఎక్మో అసలు బలవంతుడు: నిమిషానికి 4 లీటర్లు, పైగా ఊపిరితిత్తుల పని కూడా. కానీ హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ఇస్తే అప్పుడే కుట్టిన ఛాతీ నుంచి రక్తం కారుతూనే ఉంటుంది. తొడలోని లావు గొట్టం వల్ల కాలు చల్లబడకుండా కిందికి మరో సన్న గొట్టం వేయాలి. రక్తం గుండెకు ఎదురు నెట్టడంతో ఎడమ జఠరిక (గుండె కింది ఎడమ గది) ఉబ్బి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది; అందుకే చాలాచోట్ల బెలూన్ కూడా ఉంచేస్తారు. బ్లడ్ గ్యాస్ (రక్తంలో ఆక్సిజన్ వగైరా చూసే పరీక్ష) శాంపిల్ కుడి చేతి నుంచే తీయాలి. రాత్రీపగలూ పెర్ఫ్యూజనిస్ట్ (ఈ యంత్రాలు నడిపే నిపుణుడు), నిండుగా బ్లడ్ బ్యాంక్ లేనిచోట మొదలుపెట్టడం సాహసమే.

ఇంపెల్లా (ధమని గుండా గుండెలోకే పంపే చిన్న పంపు) మంచిదే గానీ ధర మన దగ్గర చాలామందికి అందదు, మెటల్ అయోర్టిక్ వాల్వ్ ఉంటే వేయనే కూడదు.

ఇక షరతు: బెలూన్ వేశాక రెండు గంటల్లో లాక్టేట్ (ఒంటికి రక్తం చాలకపోతే రక్తంలో పెరిగే పదార్థం) దిగకపోతే ఇంకో మందు కలుపుతూ కూర్చోకండి. హైదరాబాద్ 200 కి.మీ. పైమాటే, ఎక్మో టీమ్‌కు అప్పుడే ఫోన్ చేయండి. తరలించేటప్పుడు పంపు బ్యాటరీ, హీలియం సిలిండర్ మీటరు చూసుకోండి, తొడ మడవకుండా తల వైపు 30 డిగ్రీలు దాటనివ్వకండి.