షీట్ మ్యూజిక్ కోర్సు కొంటున్నారా? డబ్బు కట్టే ముందు చివరి పాఠం పేజీ చూపించమనండి

కీబోర్డో పియానోనో కొత్తగా మొదలుపెట్టి, షీట్ మ్యూజిక్ (ఐదు గీతల మీద గుర్తులతో రాసిన సంగీతం) చదవడం నేర్చుకుందామని ఆన్‌లైన్ కోర్సుల కోసం వెతుకుతున్నవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఇలాంటి కోర్సు ఒకటి కొని నేను డబ్బూ పోగొట్టుకున్నాను, మూడు నెలలూ పోగొట్టుకున్నాను. డబ్బు సంగతి అలా ఉంచితే ఆ మూడు నెలలు తలుచుకుంటేనే నాకు ఎక్కువ బాధ, ఎందుకంటే ఒక్కరోజు కూడా మానకుండా ముప్పావుగంట కూర్చున్నాను. అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో అమ్మేవి ఇంకా ఉన్నాయి, కాబట్టి పేరు కన్నా ఆ పద్ధతి ఎలా ఉంటుందో తెలిస్తేనే మీకు పనికొస్తుంది.

ప్రకటనలో వాళ్ళు చెప్పింది ఒకటే మాట. 12 వారాల్లో ఏ షీట్ మ్యూజిక్ ముందు పెట్టినా చూసి వాయించేస్తారట. వీడియోలో ఒకాయన జి మేజర్ మిన్యుయెట్ వాయిస్తుంటాడు, కొత్తగా నేర్చుకునేవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే పాటే అది. జర్మన్ సంగీతకర్త బాఖ్ రాశాడని వేశారు. నిజానికి బాఖ్ భార్య ఆనా మాగ్డలీనా కోసం 1725లో మొదలుపెట్టిన నోట్‌బుక్‌లో ఉన్న ఆ పాటను రాసింది క్రిస్టియన్ పెట్‌జోల్డ్. చాలా పాత పుస్తకాల్లో ఉన్న పొరపాటే అది, దానికి మాత్రం వీళ్ళని తప్పుపట్టను.

అసలు సమస్య కాగితం మీద ఉంది. వాళ్ళిచ్చిన పీడీఎఫ్‌లలో ప్రతి నోట్ (స్వరం గుర్తు) తలలోనూ, అంటే ఆ గుండ్రటి భాగంలో, దాని పేరు అక్షరంగా అచ్చువేసి ఉంటుంది. ఎ, బి, సి, డి అని. మొదటి వారం హాయిగా అనిపించింది, కూర్చున్న రోజే రెండు చిన్న పాటలు వాయించేశాను. మొదట్లో ఇలా సాయం చేస్తారు, తర్వాత తీసేస్తారులే అనుకున్నాను. నాలుగో వారంలోనూ ఉన్నాయి. ఎనిమిదో వారంలోనూ ఉన్నాయి. పన్నెండో వారం చివరి పాఠంలో కూడా ఉన్నాయి.

తెలుగు రానివాళ్ళకి తెలుగు పద్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసిస్తే గడగడా చదివేస్తారు. ఏడాదిపాటు అలాగే చదివించినా వాళ్ళకి మన అక్షరమాలలో ఒక్క అక్షరం కూడా రాదు, ఎందుకంటే కన్ను దానిమీద పడాల్సిన అవసరమే రాలేదు. నాకు జరిగింది సరిగ్గా అదే. నోట్ ఏ గీత మీద ఉంది, ఏ సందులో ఉంది, పైకి వెళ్తోందా కిందికి దిగుతోందా అన్నది చూడకుండానే అక్షరం చదివి కీ నొక్కడం అలవాటైపోయింది. ఐదు గీతలూ నాకు వెనకాల ఉన్న డిజైన్‌లా మిగిలిపోయాయి.

ఈ విషయం బయటపడింది వయొలిన్ వాయించే నా స్నేహితురాలి వల్ల. నేను మిన్యుయెట్ వాయిస్తుంటే విని, "మూడో బార్‌లో ఆఖరి నోట్ తెల్ల కీ మీద వాయిస్తున్నావేంటి, అది ఎఫ్ షార్ప్ కదా" అంది. బార్ అంటే రెండు నిలువు గీతల మధ్య ఉండే భాగం, ఎఫ్ షార్ప్ అంటే ఎఫ్‌కి కుడిపక్కనున్న నల్ల కీ. కాగితం చూపించాను, ఎఫ్ అనే ఉంది అని. తను ఆ వరుస మొదట్లో, క్లెఫ్ అనే పెద్ద మెలిక గుర్తు పక్కన, పై గీత మీద ఉన్న చిన్న షార్ప్ గుర్తు మీద వేలు పెట్టింది. "ఇది ఇక్కడ ఉందంటే పాటలో వచ్చే ఎఫ్‌లన్నీ షార్పే." అన్ని వారాల్లో ఆ గుర్తు నా కంటికి ఆననే లేదు. వాళ్ళు నోట్ తలలో ఎఫ్ అని వేశారే గానీ షార్ప్ వేయలేదు, వరుస మొదట్లో ఉండే ఇలాంటి గుర్తుల (కీ సిగ్నేచర్) గురించిన నాలుగు నిమిషాల వీడియో పదకొండో వారంలో గానీ రాలేదు. నాకు ఆ చోట ఏదో తేడాగా వినిపిస్తూనే ఉండేది, సపోర్ట్‌కి కూడా రాశాను. ఇంకా ప్రాక్టీస్ చేయండి అని జవాబిచ్చారు. తప్పు నోట్‌ని ఇంకా ప్రాక్టీస్ చేశాను!

తర్వాత తను అక్షరాలు లేని అదే పాటను తన ఫోన్‌లో తెరిచి ముందు పెట్టింది. మొదటి రెండు బార్లు వాయించగలిగాను, అవి వేళ్ళకి గుర్తున్నాయి కాబట్టి. మధ్యలో ఒక నోట్ చూపించి ఇదేంటి అని అడిగితే కింది గీత నుంచి ఒక్కొక్కటే లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. ఆరోజు రాత్రి నిజంగా ఏడుపొచ్చింది.

లయ సంగతి ఇంకా ఘోరం. కోర్సుతో పాటు ఇచ్చిన యాప్, మీరు సరైన కీ నొక్కేదాకా ఆగి ఎదురుచూస్తుంది, నొక్కగానే పచ్చగా వెలుగుతుంది. ఎంతసేపు ఆగి నొక్కినా పచ్చే, ఎంత తొందరగా వదిలేసినా పచ్చే. మిన్యుయెట్ మొదటి బార్ చూడండి. అది 3/4 కాలంలో ఉంది, అంటే బార్‌కి మూడు బీట్లు. ముందు ఒక క్రాచెట్, అంటే ఒక బీట్. తర్వాత నాలుగు క్వేవర్లు, ఒక్కోటి అర బీట్, అవి కలిపి రెండు. మొత్తం మూడు. ఈ లెక్క నోటితో చెప్పుకుంటూ చప్పట్లు కొట్టడం మొదటి వారంలోనే నేర్పాల్సింది. మెట్రోనోమ్ (టిక్ టిక్ అంటూ సమంగా లయ కొట్టేది) పెట్టి వాయించమని స్నేహితురాలు అడిగితే రెండో బార్‌కే చెల్లాచెదురైపోయాను. దానికితోడు యాప్‌లో ఉన్న అభ్యాసాలన్నీ సి మేజర్‌లోనే, ఒక్క షార్ప్ గానీ ఫ్లాట్ గానీ లేకుండా. అందుకే నా ఎఫ్ తప్పును అది ఎప్పుడూ పట్టుకోలేదు.

ఎడమచేతి నోట్లకి వాడే బేస్ క్లెఫ్‌కి దక్కింది పదో వారంలో ఆరు నిమిషాల వీడియో ఒక్కటి. కుడిచేతికి వాడే ట్రెబుల్ క్లెఫ్‌లో కింది నుంచి రెండో గీత జి అయితే, బేస్ క్లెఫ్‌లో అదే రెండో గీత బి అవుతుంది. కొత్తవాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. దానికి కూడా అక్షరాలు అచ్చేసి వదిలేశారు.

ఇక డబ్బు వాపసు. 30 రోజుల్లో నచ్చకపోతే మొత్తం తిరిగిస్తామని పెద్ద అక్షరాలతో ఉంది. లోపల షరతుల పేజీలో ఏముందంటే, కనీసం 80 శాతం పాఠాలు పూర్తి చేసినవాళ్ళకే వాపసు. పాఠాలేమో వారానికి ఒక భాగం చొప్పున 12 వారాలపాటు తెరుచుకుంటాయి. అంటే 30 రోజులకి ఐదు భాగాలకు మించి తెరుచుకోవు, ఎంత కష్టపడినా 80 శాతానికి చేరే దారి లేదు. ఇది చూశాక నాకు కోపం ఆగలేదు, ఇప్పటికీ ఆగడం లేదు. యాప్ చందా వేరే. విసిగిపోయి ఫోన్‌లోంచి తీసేశాను, అయినా తర్వాతి నెల డబ్బు కట్ అయింది. యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు, యాప్ స్టోర్‌లోనో ప్లే స్టోర్‌లోనో సబ్‌స్క్రిప్షన్లు అనే చోటికి వెళ్ళి విడిగా రద్దు చేయాలి.

బోనస్‌గా 200 పాటలు అని ఊరించారు చూడండి, వాటికి ఆశపడకండి. చాలావరకు కాపీరైట్ ఎప్పుడో ముగిసిన పాత రచనలే. ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ అనే సైట్‌లో 2006 నుంచి అలాంటివి ఎక్కిస్తూనే ఉన్నారు, ఉచితంగా దించుకోవచ్చు, అదీ అక్షరాలు లేకుండా. మ్యూజ్‌స్కోర్ అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే, నాలుగు బార్లు మీరే రాసి అది వాయిస్తే వినొచ్చు. ఆ పేరుతో ఉన్న పాటల సైట్‌లో మాత్రం చందా అడుగుతారు, రెండూ ఒకటే అనుకోకండి.

కొనే ముందు మీరు చేయాల్సింది, మొదటి పాఠం శాంపిల్ చూసి మురిసిపోకుండా చివరి పాఠం పేజీ ఒకటి పంపమని అడగడం. అందులో నోట్లలో ఇంకా అక్షరాలుంటే వదిలేయండి. పంపము అన్నా వదిలేయండి. మునుపు చూడని కొత్త ట్యూన్లు వారానికి ఎన్ని ఇస్తారో అడగండి. అసలు ఈ గీతల పద్ధతి వచ్చిందే అందుకు కదా. 11వ శతాబ్దంలో ఇటలీలో గ్విడో అనే సన్యాసి గీతల మీద స్వరాలు రాసే విధానాన్ని ఒక దారికి తెచ్చింది, గాయకులు ఎప్పుడూ వినని పాటను కూడా కాగితం చూసి పాడగలగాలని. కొత్త పాట ముందు పెట్టకుండా ఒకే పాటను నెల రోజులు వాయించేలా చేస్తే అది బట్టీ అవుతుందే గానీ చదవడం అవదు.

స్నేహితురాలు చెప్పినట్టు ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మూడే నోట్లు గుర్తుపెట్టుకున్నాను. ట్రెబుల్ క్లెఫ్ మెలిక చుట్టుకునే రెండో గీత జి, బేస్ క్లెఫ్ రెండు చుక్కల మధ్య గీత ఎఫ్, రెంటికీ మధ్యలో చిన్న గీత మీద ఒంటరిగా ఉండే మిడిల్ సి. మిగతావన్నీ వీటి నుంచి ఎంత దూరమో చూసి చదవడమే. గీత నుంచి పక్క సందుకి అయితే ఒక మెట్టు, గీత నుంచి పక్క గీతకి అయితే మధ్యలో ఒకటి దాటినట్టు. రోజూ కొత్తవి నాలుగు బార్లు, చాలా నెమ్మదిగా, చేతులవైపు చూడకుండా. మూడు వారాలైంది, ఇప్పుడు జి కోసం లెక్కపెట్టుకోవడం లేదు.

ఇలాంటి కోర్సుకి ఇప్పటికే కట్టేసి ఇంకా 30 రోజులు దాటనివాళ్ళుంటే ఈరోజే వాపసు అడుగుతూ మెయిల్ పెట్టండి. షరతుల పేజీనీ, పాఠాలు ఏ తేదీన తెరుచుకుంటాయో చూపించే పేజీనీ స్క్రీన్‌షాట్ తీసి జత చేయండి, తర్వాత ఆ పేజీలు మారినా మీ దగ్గర రుజువు ఉంటుంది. నేను గడువు దాటాక పెట్టిన రెండు మెయిల్స్‌కీ ఇప్పటిదాకా జవాబు లేదు.