ఎలెరాన్ ట్రిమ్ కిట్: హన్మకొండ షెడ్డులో బిగించాక నా మాట

మేము సొంతంగా కట్టుకుంటున్న రెండు సీట్ల విమానానికి స్ప్రింగులతో పనిచేసే ఎలెరాన్ ట్రిమ్ కిట్ తెప్పించాం. ఎలెరాన్ అంటే విమానాన్ని పక్కకు వాల్చడానికి రెక్క వెనక అంచున కదిలే పలక, ట్రిమ్ అంటే చేత్తో పట్టుకోనక్కర్లేకుండా దాన్ని కావాల్సిన వైపు నిలిపి ఉంచే ఏర్పాటు. ఇది ఎందుకంటే, పెట్రోలు లీటరు ముప్పావు కిలోకి కాస్త తక్కువ తూగుతుంది, ఒక రెక్క ట్యాంకులో 20 లీటర్లు అయిపోతే ఆ వైపు 14 కిలోలకు పైగా తగ్గుతుంది, పక్క సీటు కూడా ఖాళీగా ఉంటే దారి పొడుగునా స్టిక్కును (విమానాన్ని నడిపే చేతి కర్రను) ఒక పక్కకు నొక్కి పట్టుకోవాల్సిందే. చెయ్యి గుంజుతుంది.

ఇందులో రెక్క మీద అదనపు ట్యాబ్ (కదిలే చిన్న రేకు) ఏదీ ఉండదు. చిన్న మోటారు ఒకవైపు స్ప్రింగును లాగి రెండోదాన్ని వదులు చేస్తుంది, అంతే. రెక్కను కొయ్యకుండా సీటు కిందే బిగించుకోవచ్చు, అది నాకు బాగా నచ్చింది.

బ్రాకెట్ రంధ్రాలు మాత్రం 2 మిల్లీమీటర్లు తేడా వచ్చాయి. వరంగల్‌లో మాకు తెలిసిన లేత్ షాపు అన్న "ఇది సాగదియ్యద్దు తమ్మీ, కొత్తది చేద్దాం" అని అల్యూమినియం పట్టీతో సాయంత్రానికల్లా చేసిచ్చాడు. వైరింగ్ కాగితం కూడా సరిగ్గా లేదు, స్విచ్ కుడికి నొక్కితే స్టిక్కు ఎడమకు పోయింది, నేల మీదే చూసుకున్నాం కాబట్టి సరిపోయింది.

కొనేవాళ్లు ఒకటి తప్పక చూడండి: ట్రిమ్‌ను పూర్తిగా ఒక చివరికి తోసి, ఒక్క చేత్తో స్టిక్కును రెండో వైపు చివరిదాకా తేలిగ్గా తిప్పగలగాలి. మా కిట్‌లో స్ప్రింగులు గట్టిగా ఉంటే మెత్తటివి మార్చాం. మోటారుకు విడిగా ఫ్యూజ్ కూడా పెట్టాం. అయిదుకు మూడున్నర ఇస్తాను.