లెక్చర్ అక్కడ, డిబేట్ ఇక్కడ

గుంటూరులో 32 ఏళ్లు ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాను. అమ్మాయి బోస్టన్‌కి రమ్మన్నప్పుడు, ముందు క్లాసురూములు చూపించమని అడిగాను. నయాగరా కూడా చూశాం, బాగుంది.

రెడ్ లైన్ మెట్రో మనిషికి 2.40 డాలర్లు. హార్వర్డ్‌లో దిగి కాస్త నడిస్తే శాండర్స్ థియేటర్. వెయ్యి మంది దాకా పట్టే చెక్క హాలు. ఆక్స్‌ఫర్డ్‌లోని షెల్డోనియన్ థియేటర్ స్ఫూర్తితోనే దీన్ని కట్టారు. మేం విన్న ఉపన్యాసం ఉచితం. ప్రొఫెసర్ నలభై నిమిషాల్లో ముగించారు, అసలు సంగతి ఆ తర్వాతే మొదలైంది. మైకు దగ్గర క్యూ కట్టారు. ఇరవై ఏళ్లయినా ఉండని ఒక అమ్మాయి, “మీ లెక్కలన్నీ సంపన్న దేశాలవే కదా, ఇండియాకి ఎలా వర్తిస్తాయి?” అని అడిగింది. ఆయన వేదిక అంచుదాకా వచ్చి, “వర్తించకపోవచ్చు. ఆ డేటా నా దగ్గర లేదు” అన్నారు. కాళ్లు పీకుతున్నాయి పదండి అంటున్న మా ఆవిడ కూడా మళ్లీ కూర్చుంది. పాఠం చెప్పే ప్రతివాళ్లూ ఆ జవాబు వినాలి.

ఆ ఉత్సాహంతో వారం తర్వాత ఇంకో ఊళ్లో కాలేజీల డిబేట్ పోటీకి వెళ్లి దెబ్బతిన్నాం. గది 118 డాలర్లని చూపించారు. తీరా బిల్లులో క్లీనింగ్‌కి 45, పన్ను 18 కలిపి 181 లాగారు. కార్పెట్ తడి వాసన, వేడినీళ్లు లేవు. అడిగితే కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండా, “ఆన్‌లైన్‌లో కింద రాసే ఉంది, చదువుకోవాల్సింది” అన్నాడు. మా ఆవిడ రాత్రంతా నాతో మాట్లాడలేదు. బుక్ చేసేముందు ‘మొత్తం’ అన్న అంకె కనిపించేదాకా కార్డు నంబరు ఇవ్వకండి.

పొద్దున డిబేట్ ఇంకా నిరాశ. పాలసీ డిబేట్ అంటారు. ఏడాదంతా ఒకటే అంశం. పోగేసిన ఆధారాలన్నీ గడువులోగా వినిపించాలని నిమిషానికి మూడొందల మాటల పైనే చదివేస్తారు. అలవాటైన జడ్జీలు చకచకా రాసుకుంటున్నారు, మాకు ఒక్క వాక్యం చిక్కలేదు. ఆ పిల్లల శ్రమని తక్కువ చేయను. కానీ వాదన జడ్జి ఒక్కడి కోసమే అయితే అన్ని కుర్చీలు ఎందుకు వేసినట్టు?

తిరుగు ప్రయాణంలో లండన్‌లో ఆగాం. మా మేనల్లుడు ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌లో సభ్యుడు. 1823లో పుట్టిన డిబేట్ సంస్థ అది. లండన్ నుంచి ఆక్స్‌ఫర్డ్‌కి బస్సుకి మనిషికి 16 పౌండ్లయింది. గ్యాలరీలో కూర్చున్నాం. ఇక్కడ వక్త జనం మొహాలు చూస్తూ మాట్లాడతాడు, ఎవరైనా లేచి అడ్డుతగిలితే ఆగి జవాబు చెప్తాడు. చివర్లో సభ్యులు బయటికెళ్లే తలుపే ఓటు: ఒప్పుకున్నవాళ్లకి ఒకటి, కాదన్నవాళ్లకి ఒకటి. 1933లో ‘రాజు కోసం, దేశం కోసం ఈ సభ పోరాడదు’ అన్న తీర్మానం 275-153తో నెగ్గింది ఈ సభలోనే.

మరి లెక్చర్లో ఇంత ప్రశ్నించనిస్తారా అని మేనల్లుణ్ని అడిగాను. “జర్మనీలో ఒక సెమిస్టర్ చదివాను మామయ్యా. లెక్చర్ అయ్యాక బల్లల మీద పిడికిలితో తట్టి లేచిపోతారు. అదే చప్పట్లు. ప్రశ్నలు సెమినార్లోనే, అంటే చిన్న చర్చా తరగతుల్లోనే ఎక్కువ” అన్నాడు. నాకైతే హార్వర్డ్‌లో చూసిన క్యూనే నచ్చింది.

బస్సెక్కగానే మా ఆవిడ, “ఏమండీ, ఇందాకటి డిబేట్లో ఓడిపోయిన ఆ అబ్బాయి చెప్పిందే నిజం” అంది. నేను కాదన్నాను. లండన్ వచ్చేదాకా ఇద్దరం వాదించుకుంటూనే ఉన్నాం.