కొత్త పికప్ బండి, మాటిమాటికీ డీపీఎఫ్ లైటు: నెల్లూరులో ఒక సర్వీస్ సెంటర్ పనితీరు

హైవే పక్కనున్న ఈ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో వాషింగ్ బాగా చేస్తారు, అడ్వైజర్లు మర్యాదగా మాట్లాడతారు, చెప్పిన టైముకే బండి ఇస్తారు. మామూలు సర్వీసుకైతే నిశ్చింతగా వెళ్ళొచ్చు. వారంటీలో ఉన్న బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) డీజిల్ పికప్‌కు ఇంజిన్ లైటు వెలిగి, బండి లాగడం మానేసిందనుకోండి, అప్పుడు బయటపడుతుంది లోటు. స్కానర్ పెట్టి లోపాన్ని చూపే కోడ్ చెరిపేస్తారు, ఫోర్స్‌డ్ రీజనరేషన్ (డీపీఎఫ్‌లో మసిని స్కానర్‌తో బలవంతంగా కాల్చడం) కొట్టి పంపేస్తారు. కొద్ది రోజులకే మళ్ళీ అదే లైటు. పేరు రాయకపోవడానికి కారణం ఒక్కటే, చాలాచోట్ల ఇదే తంతు.

డీపీఎఫ్ అంటే పొగగొట్టం దారిలో మసిని పట్టే జల్లెడ. ఆ మసి కాలిపోవాలంటే లోపల 600 డిగ్రీల దాకా వేడి పుట్టాలి. అందుకు బండి ఆగకుండా దాదాపు ఇరవై నిమిషాలు మంచి వేగంతో పోవాలి. ఇందుకూరుపేట, అల్లూరు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలకు మేత తోలే బండికి అదెక్కడ కుదురుతుంది? గట్ల మీద సెకండ్ గేరు, బస్తాలు దించేదాకా ఇంజిన్ ఆన్, మసి కాలడం మొదలయ్యేసరికి తాళం ఆఫ్. చాలా బండ్లలో మసి కాల్చడానికి సిలిండర్‌లోకే అదనంగా డీజిల్ చిమ్ముతుంది. పని సగంలో ఆగిన ప్రతిసారీ అందులో కొంత జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద మట్టం మ్యాక్స్ గీత దాటినా, డీజిల్ వాసన కొట్టినా ముందు ఆయిల్ మార్చాలి, తర్వాతే రీజనరేషన్. ఇక్కడ డిప్‌స్టిక్ తీసి చూసే అలవాటే లేదు. పోసే ఆయిల్ కూడా మాన్యువల్‌లో రాసిన తక్కువ బూడిద రకమే కావాలి. మసి కాలిపోతుంది గానీ, ఆయిల్ వదిలే బూడిద కాలదు.

"హైవే మీద తోలండి సార్, అదే పోతుంది" అన్నది వీళ్ళ రెడీమేడ్ జవాబు. గుంటల మీద తిరిగే బండికి అందులో సగం నిజం ఉంది. రోజూ నెల్లూరు–ఒంగోలు మధ్య పరిగెత్తే బండికీ అదే లైటు వస్తుంటే తప్పు బండిదే. అప్పుడు కోడ్ నంబరు అడగండి. పి2463 అంటే మసి పేరుకుందని. పి2453 అంటే ప్రెషర్ సెన్సర్ రీడింగ్ తేడాగా ఉందని, ఆ కేసులో మసి కాల్చినా ఒరిగేదేమీ లేదు. సెన్సర్‌కు వెళ్ళే రెండు సన్నటి రబ్బరు గొట్టాలు చిట్లాయా, ఒకదాని చోట ఇంకొకటి తగిలించారా చూడాలి. ఆ తర్వాత థర్మోస్టాట్. అది తెరుచుకునే ఉండిపోతే ఇంజిన్ సరిగా వేడెక్కదు, రీజనరేషన్ మొదలే కాదు. ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), ఇంజెక్టర్ లీకు, టర్బో ఆయిల్ లీకు ఆ పైన. వీటిలో ఒక్క లోపం మిగిలిపోతే కొత్త డీపీఎఫ్ వేసినా నిండిపోతుంది.

రొయ్యలు, ఐసు మోసే బండ్లకు ఇంకో గొడవ ఉంది. ట్రేల నుంచి కారే ఉప్పునీళ్ళు ఛాసిస్ వెంట దిగి కనెక్టర్లలోకి చేరతాయి. పిన్నుల మీద పచ్చటి చిలుము పడితే ఒక్కో రోజు ఒక్కో సెన్సర్ కోడ్ వస్తుంది, వీళ్ళేమో సెన్సర్లు మారుస్తూ పోతారు. సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఓల్టేజ్ కొలవమనండి. అర ఓల్టు దాటితే ఎర్త్ కేబుల్ సంగతి ముందు తేల్చాలి.

ఫోర్స్‌డ్ రీజనరేషన్‌కు ముందూ తర్వాతా మసి లోడు ఎంతుందో ప్రింట్ అడిగి తీసుకోండి. ఫిర్యాదును మీ మాటల్లోనే, కిలోమీటర్లతో సహా జాబ్‌కార్డులో రాయించండి. "జనరల్ చెకప్" అని రాస్తే సంతకం పెట్టొద్దు. బిల్లు సున్నా అయినా మూసిన జాబ్‌కార్డు కాపీ తీసుకోవాలి, అదే లోపం ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే కాగితం అదొక్కటే. ఆటోనగర్‌లో డీపీఎఫ్ పీకేసి ప్రోగ్రాం మార్చేస్తామనే వాళ్ళు దొరుకుతారు. ఆ పని చేయిస్తే వారంటీ గొడవలో మీ చేతిలో ఏమీ మిగలదు.

కంపెనీకి ఈమెయిల్ పెట్టినా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, గడువు రెండేళ్ళు. బండి ధర 5 లక్షలు దాటి 10 లక్షల లోపుంటే ఫీజు 200 రూపాయలు. తయారీ లోపం అని వాదించేటప్పుడు నిపుణుడి రిపోర్టు లేకపోతే కేసు బలహీనపడుతుంది, కాబట్టి పరీక్ష చేయించమని అర్జీ కూడా పెట్టాలి. ఇంకొకటి, వ్యాపారానికి బండి కొన్నవాళ్ళు వినియోగదారులు కారంటూ అవతలి లాయరు అడ్డుపడతాడు. సొంతంగా నడుపుకుంటూ బతకడానికి కొన్నదని ఫిర్యాదులోనే రాసి, డ్రైవింగ్ లైసెన్సు, లోన్ కాగితాలు జత చేయండి.