చేతిలో ముద్దా, దూరంగా విసిరిన ముద్దా?

హింసకు గురై మనిషంటేనే బెదిరే కుక్కను మచ్చిక చేసుకోవడానికి చాలామంది అరచేతిలో తిండి పెట్టి పిలుస్తారు. ఆకలి ముందుకు లాగినా, ముద్ద అయిపోగానే తానెంత దగ్గరకు వచ్చిందో గ్రహించి అది హడలిపోవచ్చు, కరవనూ వచ్చు. రెండో పద్ధతిలో మనం పక్కకు తిరిగి కూర్చుని, తిండిని దాని వెనుకకు విసురుతాం. తినడానికి అది దూరం జరుగుతుంది, తిరిగి రావడమా మానడమా అన్నది దాని ఇష్టం. 1924లో మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్ కుందేలంటే భయపడే పసివాడికి ఇష్టమైన తిండి పెడుతూ కుందేలును కొద్దికొద్దిగా దగ్గరకు తెచ్చిన ప్రయోగంలోనూ ఆధారం ఇదే, భయపెట్టేదాన్ని తిండితో ముడిపెట్టడం; అయితే మన రెండో పద్ధతిలో దూరాన్ని నిర్ణయించేది భయపడే ప్రాణియే. అందుకే, ఆలస్యమైనా సరే, రెండోదాన్నే గట్టిగా కోరతాను. తోక ముడుచుకున్నా, పెదవులు పదే పదే నాకుతున్నా, ముఖం తిప్పుకున్నా చేయి చాచకూడదు.